యాకూబ్ చాచా వేసిన తలుపు

మూడేళ్ళ కిందట ఒక వారపత్రిక పండుగ సంచికకు మా అత్తమ్మ పెంచిన పిల్లి గురించి వ్యాసం రాసిచ్చాను. మనిషి అలికిడికి మాయమయ్యే పిల్లి, దాన్ని మచ్చిక చేయడానికి ఇంటిల్లిపాదీ పడ్డ పాట్లు, చివరకు పుస్తకాలకు అట్టలు వేసి జిల్దులు కట్టే యాకూబ్ చాచా మతిమరుపుతో తలుపు తెరిచి వెళ్ళిపోవడం, పిల్లి పారిపోవడం. కడుపుబ్బ నవ్వుకున్నామని పాఠకులు ఉత్తరాలు రాశారు. ఆ ఉత్తరాలను భద్రంగా దాచుకున్నాను కూడా.

కిందటి నెల ఒక మధ్యాహ్నం యాకూబ్ చాచా కూతురు షరీఫా మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. ముప్ఫై ఏళ్ళ తర్వాత చూస్తున్నాను. పేరు చెబితేగానీ గుర్తుపట్టలేదు. తండ్రి పోయాక ఆ పని తమ్ముడు చేస్తున్నాడట, తనూ కూర్చుని కుడుతుందట. ఒక గ్రంథాలయం వాళ్ళు పాత వారపత్రికలను సంపుటాలుగా కట్టమని ఇచ్చారు. పేజీలు సర్దుతుంటే తెలుగు చదువుకున్న ఆమె కూతురు ఒకచోట ఆగి, "అమ్మీ, ఇందుల నానా పేరున్నది" అన్నదట, తాత పేరు చూపించి. షరీఫా చేతిసంచిలోంచి ఆ రెండు కాగితాలు తీసి నా ముందు పెట్టింది. కుట్టడానికి మడతపెట్టినవి, అంచున సూది రంధ్రాలు ఇంకా పడలేదు.

"అన్నా, మంచిగ రాసినవు. పిల్లి సంగతి చదివి మా బిడ్డ మస్తు నవ్వింది. కానీ ఒక్క మాట తప్పు రాసినవు" అంది. "మా అబ్బా ఆ దినం తలుపు వేసే వచ్చిండు."

తప్పు అని నాకు తెలుసు. ఆ సంగతి నాకు తప్ప మరొకరికి తెలియదనుకుంటూ ఇన్నేళ్ళు బతికాను. తర్వాత గంటసేపు ఆమె చెప్పినవి విన్నాక, నాకు తెలిసింది సగం కూడా కాదని అర్థమైంది. అందుకే మళ్ళీ రాస్తున్నాను. ఈసారి ఎవరూ నవ్వకపోయినా ఫరవాలేదు.

లాల్‌దర్వాజాలో అప్పట్లో మేముండే అద్దె ఇంటికి ముందు మగవాళ్ళు కూర్చునే దివాన్‌ఖానా, వెనక వంటిల్లు, మధ్యలో చీకటి గది. దివాన్‌ఖానాకూ ఆ గదికీ మధ్య గడపమీద గోనెపట్టా పరదా వేలాడేది. మా బాపు కచేరీలో నకళ్ళు రాసే గుమాస్తా. సాయంత్రం ఆయన వచ్చి షేర్వానీ మేకుకు తగిలించాడో లేదో, ఎవరో ఒకరు వస్తూనే ఉండేవారు. వచ్చినవాడు వీధితలుపు బయట వేలాడే ఇనుప గొళ్ళాన్ని మూడుసార్లు మోగించి, దగ్గి నిలబడేవాడు. ఆ చప్పుడుకు మా అమ్మ, అత్తమ్మ చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలి పరదా వెనక్కి వెళ్ళేవారు. అప్పుడు బాపు తలుపు తీసేవాడు. ఘోషా తురకల ఇళ్ళలోనే ఉండేదనుకుంటారు ఇప్పటివాళ్ళు. ఆ రోజుల్లో మా గల్లీలో పద్ధతిగల ఇళ్ళన్నిటిలోనూ ఉండేది, ఎవరి మట్టుకు వారికి.

అత్తమ్మ బాపుకు అక్క. పదహారో ఏట భర్త పోతే మా ఇంటికి వచ్చింది. నేను పుట్టాక అమ్మకు జబ్బు చేయడంతో నన్ను పెంచింది ఆమే. ముప్ఫై ఏళ్ళుగా ఆమె పరాయి మగవాళ్ళెవరికీ ఎదురుపడలేదు. అయినా దగ్గును బట్టి వచ్చింది ఎవరో చెప్పేది. ఫలానా ఆయనకు చక్కెర వేయకుండా చాయ్ పంపమనేది, ఫలానా ఆయనకు పీట ఎత్తుగా ఉన్నది వేయమనేది. వాళ్ళెవరి ముఖమూ ఆమె ఎరగదు. ఆమె చీరకు ఎప్పుడూ సాంబ్రాణి పొగ, ఎండిన కరివేపాకు కలిసిన వాసన ఉండేది. ఆ కొంగులోనే ఒక తెల్లపిల్లి పడుకునేది. కూనగా ఉన్నప్పుడు వానకు తడిసి పెరట్లోకి వస్తే తీసి పెంచింది. ఆమె చేత్తో కలిపి పెడితేనే తినేది. గొళ్ళెం మోగిందంటే గింజల కుండల వెనక దూరి, వచ్చినవాడు వెళ్ళినదాకా తోక కూడా బయటపెట్టేది కాదు. దానికి బేగం అని పేరు పెట్టింది యాకూబ్ చాచాయే. "మా ఇండ్లల్ల గూడ ఇంత గట్టి ఘోషా లేదు గుమాస్తా సాబ్" అనేవాడు.

నాకు పదిహేడేళ్ళప్పుడు అత్తమ్మ రెండు కళ్ళకూ పొరలు వచ్చాయి. బియ్యంలో రాళ్ళు వేళ్ళతో తడిమి ఏరేది. బాపు వెళ్ళి సంగతి చెబితే, వేసవి రాకముందే ఆపరేషన్ చేయించకపోతే చూపు మిగలదని ఆసుపత్రి డాక్టరు చెప్పాడు. కళ్ళకు కట్లు కట్టి రెండు వారాలు కదలకుండా పడుకోవాలి. అత్తమ్మ విని, "నేను రానయ్యా" అంది బాపుతో. "రెండు వారాలు నేను లేకుంటే అది ముద్ద ముట్టదు. ఆకలితోని సచ్చిపోతది. దానికి మనుషులు అలవాటైననాడు చెప్పు, వస్త."

బాపు కోప్పడ్డాడు, బతిమాలాడు. అమ్మ అన్నం పెట్టి చూసింది, పిల్లి వాసన కూడా చూడలేదు. నేను పెడితే చేయి గీకింది. అత్తమ్మ కదల్లేదు. ఆ సంగతి బాపు నవ్వుతూనే యాకూబ్ చాచాకు చెప్పాడు. చాచా దుకాణం వంతెనకు వెళ్ళే దారిలో ఉండేది. కచేరీ రిజిస్టర్లకు జిల్దులు కట్టేవాడు, వారానికి ఒకసారి, శుక్రవారం నాడు, మా ఇంటికి వచ్చేవాడు. ఎప్పుడూ ఆయన చేతులకు మైదాజిగురు వాసన, గోళ్ళ చుట్టూ ఎండిన పొలుసులు.

చాచా రెండు శుక్రవారాలు ఊరికే వచ్చి, ఒకే చోట, పరదాకు పక్కగా తిరిగి కూర్చుని, తక్కువ గొంతుతో మాట్లాడి వెళ్ళాడు. వెళ్ళేటప్పుడు భుజంమీది తువ్వాలు చాపమీద మరిచినట్టు వదిలేసేవాడు. "దానిదిక్కు సూడొద్దు. పిలవొద్దు. మన వాసన ముందల పోయి సలాం జెప్పాలె, మనం ఎనక పోవాలె" అనేవాడు. రెండో వారం ఆ తువ్వాలుకు తెల్లటి వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి. మూడో శుక్రవారం ఆయన ఒక మాటన్నాడు.

"గుమాస్తా సాబ్, మీ బేగం మనుషులకు భయపడ్తలేదు. గొళ్ళెం మోగంగనే మీ ఇంట్ల ఆడోళ్ళు లేసి పోతరు. వాళ్ళెంబడి అదీ పోతది. ఇంటి పద్ధతి నేర్చుకున్నది, గంతే."

బాపు పకపకా నవ్వాడు. "అయితే ఏం జేద్దామంటవు?"

"అక్క ఉరకకుంటే అదీ ఉరకదు."

దివాన్‌ఖానా లో బాపు నవ్వు ఆగిపోయింది. అప్పుడు పరదా వెనకనుంచి అత్తమ్మ గొంతు వినిపించింది. పరాయివాడి ముందు ఆమె గొంతు వినడం నాకు అదే మొదలు. "పిల్లి కోసమని నన్నొచ్చి ఆడ కూసోమంటున్నడా ఆయన?"

"పిల్లి కోసమే" అన్నాడు బాపు, కొంచెం ఆలోచించి.

"అయితే పరదా జానెడు ఎత్తుండ్రి. జానెడే."

అలా మొదలైంది. మొదటి వారం జానెడు. గొళ్ళెం మోగినా అత్తమ్మ లేవకుండా, పిల్లిని ఒడిలో పెట్టుకుని, వేళ్ళకు మీగడ రాసి నాకించేది. పరదా కింద ఆమె పాదాలు, పిల్లి తోక మాత్రమే కనిపించేవి. గొళ్ళెం మోగినప్పుడల్లా ఆ పాదాలు చీర కుచ్చెళ్ళలోకి ముడుచుకునేవి. తర్వాత పరదా సగం దాకా ఎత్తి కట్టారు. నెల దాటాక ఆమె గడపమీద కూర్చుంది, కొంగు ముఖం మీదికి లాక్కుని. పిల్లి గుండె దడదడ కొట్టుకుంటోందని ఆమె, "దానిది కాదక్కా, నీదే గావచ్చు" అని చాచా. ఆమె నవ్వింది. మా అత్తమ్మ నవ్వు అంత పెద్దదని మాకెవరికీ తెలియదు.

మాఘం వెళ్ళేసరికి బేగం చాచా చెప్పుల మీద పడుకునేది. గొళ్ళెం మోగితే దాక్కునే పిల్లి, మోగితే మీగడ వస్తుందని తలుపు దగ్గరికి పరిగెత్తుకొచ్చేది. అమ్మ చేతినుంచి తినేది. అత్తమ్మ కూడా మారింది. "ఆసుపత్రిల ఎంతమంది ఉంటరు భాయ్? డాక్టరు గూడ మొగాయనేనా?" అని చాచాను అడిగేది. "మొగాయనే అక్కా. ఆయన దిక్కు సూడకు, పక్కకు తిరిగి కూసో" అంటే మళ్ళీ ఆ నవ్వు. ఇంకో రెండు వారాలైతే పోదామని బాపుతో తనే అంది.

అంతవరకు నా వ్యాసంలో ఉన్నది నిజమే. ఇక్కడి నుంచే నేను అబద్ధం రాశాను.

పదిహేడేళ్ళవాడికి సిగ్గు ఎక్కడ పుడుతుందో చెప్పలేం. ఒకనాడు సైకిల్ దుకాణం దగ్గర గల్లీ పోరగాళ్ళు కూర్చుని ఉన్నారు. వాళ్ళలో నాతోపాటు చదివేవాడొకడు, "ఏంది భాయ్, మీ ఇంట్ల బేగంలు ఇద్దరూ బయటికొచ్చిండ్రంట గదా!" అన్నాడు. ఇంకొకడు, "జిల్దు చాచా మీ ఇంటికి పుస్తకాలు కుట్టనీకొస్తున్నడా, మాటలు కుట్టనీకొస్తున్నడా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, నవ్వకపోతే ఇంకా అంటారని. ఇంటికి వచ్చి చూస్తే అత్తమ్మ పరదా గడపమీద కూర్చుని, చాయ్‌కి వచ్చిన ఎదుటింటి ముసలాయనతో ఎండల గురించి మాట్లాడుతోంది, ముఖం మీద కొంగు లేకుండా. నాకు ఒళ్ళు మండిపోయింది. పిల్లి లేకపోతే ఈ లొల్లి ఉండదు, ఆసుపత్రికి పోవడానికి అడ్డమూ ఉండదు, అని నాకు నేనే న్యాయం చెప్పుకున్నాను. ఆ రెండో మాటను ఎన్నేళ్ళు పట్టుకుని వేలాడానో!

శుక్రవారం ఉదయం చాచా రిజిస్టర్లు ఇచ్చి వెళ్ళాడు. మధ్యాహ్నం భోజనాలయ్యాక అమ్మ కునుకు తీసింది. అత్తమ్మ చీకటిగదిలో పడుకుని ఉంది. నేను వీధితలుపు తీసి, చేయి బయటికి పెట్టి, గొళ్ళెం మూడుసార్లు మోగించాను. పిల్లి తోక నిలబెట్టుకుని పరిగెత్తుకొచ్చింది. నా వేళ్ళు నాకింది, మీగడ కోసం. ఎత్తి గోనెసంచిలో వేసుకున్నాను. గీకలేదు, అరవలేదు. అంతకు రెండు నెలల ముందైతే నా కళ్ళు పీకేది. సైకిల్ మీద వంతెన దాటి, మార్కెట్లో కూరగాయల బళ్ళ మధ్య వదిలేసి వచ్చాను. సాయంత్రం ఇంట్లో వెతుకులాట మొదలైనప్పుడు, "పొద్దున చాచా పోంగ తలుపు తెరిచే పెట్టిపోయిండు, నేను చూసి వేసిన" అన్నాను. మరునాడు బాపు పిలిపించి అడిగితే చాచా ఒకసారి నా వైపు చూశాడు. "అయ్యుంటది గుమాస్తా సాబ్. గలతీ నాదే" అన్నాడు. బాపు తర్వాత రిజిస్టర్ల పని ఇంకొకరికి ఇచ్చాడు. చాచా మా ఇంట్లో మళ్ళీ కూర్చోలేదు.

ఇన్నేళ్ళూ నేను మోసింది ఇంతే. షరీఫా ఇచ్చింది దీనిమీద పెట్టిన బరువు.

"నువ్వు సంచితోని మా దుకాణం ముందల్నుంచే పోయినవు అన్నా" అంది ఆమె. "సంచి కదులుతుండె. అబ్బా పిలిచిండు, నువ్వు ఆగలె. అయిదో దినం పొద్దుగాల షట్టర్ తీస్తే బేగం మెట్లమీద కూసోని ఉన్నది, చెవి చినిగి. జిగురు వాసనకు ఆగినట్టున్నది. అబ్బా తువ్వాలుల చుట్టుకొని మీ ఇంటికి తెచ్చిండు. నేనూ ఎంబడి ఉన్న, పదేండ్లదాన్ని. మీ అమ్మ గుడికి పోయింది. గొళ్ళెం కొడ్తే మీ అత్తమ్మనే తలుపు తీసింది."

అత్తమ్మ వీధితలుపు తీసిందా? నా చెవులను నేను నమ్మలేకపోయాను. ముప్ఫై ఏళ్ళలో ఆమె ఆ తలుపు తాకగా నేను చూడలేదు.

"పిల్లిని తీస్కొని మొఖానికి ఆనిచ్చుకున్నది. చినిగిన చెవి తడిమి చూసింది. ఎవరు తీస్కపోయిండ్రు భాయ్ అని అడగలె. అబ్బాకు చెప్పాల్సిన పని పడలె. ఆమెనే అన్నది, 'ఆనాడు పగటాల నేను పండుకోలె. గొళ్ళెం మూడుసార్లు మోగింది, ఎవరూ దగ్గలె. తర్వాత మా అల్లుని సైకిల్ చప్పుడు ఇనబడ్డది' అని."

షరీఫా నా ముఖం చూసి ఆగి, మంచినీళ్ళ గ్లాసు నా వైపు జరిపింది. దగ్గును బట్టి మనిషిని చెప్పగలిగే ఆమె చెవులను నేను మరిచిపోయాను. మొదటి రోజునుంచీ ఆమెకు తెలుసు. ఆ సాయంత్రం నేను అబద్ధం చెబుతున్నప్పుడు పరదా వెనకే ఉంది.

"మరి పిల్లిని ఎందుకు ఉంచుకోలేదు?" అన్నాను.

"అబ్బా గూడ గదే అడిగిండు. 'ఇంట్ల ఉంటే వాడు మళ్ళ తీస్కపోతడు, ఈసారి ఎక్కడ పడేస్తడో. తిరిగొచ్చిందంటే మా తమ్ముడు కూపీ లాగుతడు, వాని తోలు తీస్తడు. వాడు సిగ్గుతోని నా ముందల నిలబడలేడు. నేను పెంచినోడు భాయ్, నాకు వాడొక్కడే ఉన్నడు. దీనికి నీ వాసన అలవాటైంది గద, నువ్వు తీస్కపో. తలుపు నువ్వే మరిచినవని ఉండనియ్యి' అన్నది. అబ్బా సరే అన్నడు."

పిల్లి పోయాక ఆపరేషన్‌కు అడ్డమేమీ లేదని బాపు తొందరపెట్టినప్పుడు, అత్తమ్మ పరదా పూర్తిగా దించుకుని, "పిల్లి ఒడిల లేకుంటే నేను మనుషుల ముందల ఎట్ల కూసోవాలె?" అంది. ఆ మాట విని ఆమెకు చాదస్తమనుకున్నాం. వేసవి వచ్చింది, వెళ్ళింది. ఆమె చూపు కూడా వెళ్ళింది. తర్వాత పదకొండేళ్ళు బతికింది. కళ్ళు లేని ఆమెకు కంచంలో కూర ఎటు ఉందో, అన్నం ఎటు ఉందో చేయి పట్టి చూపించింది నేనే. అంత బాగా చూసుకునే మేనల్లుడు ఉన్నాడా అని గల్లీలో చెప్పుకునేవారు.

"ఇంకొకటున్నదన్నా" అంది షరీఫా. "శుక్రవారం శుక్రవారం అబ్బా నమాజు నుంచి వస్తా మీ గల్లీలకెళ్ళి వచ్చేటోడు. గొళ్ళెం ఒక్కసారి మోగించి పోయేటోడు. బేగం మంచిగున్నదని మీ అత్తమ్మకు గదే ఖబర్."

ఆ గొళ్ళెం నాకు బాగా గుర్తుంది. శుక్రవారం మధ్యాహ్నం ఒక్కసారి మోగేది. నేను వెళ్ళి తీస్తే ఎవరూ ఉండేవారు కాదు. "ఎవరురా?" అని అడిగేది అత్తమ్మ. "ఎవరూ లేరు, గాలికనుకుంట" అనేవాణ్ణి. "గాలే బిడ్డా" అనేది, ముఖం అటే తిప్పి, ఎంతో తృప్తిగా. ఒకసారి తలుపు త్వరగా తీస్తే మలుపు దగ్గర చాచా వీపు కనిపించింది. నేను గల్లీలోకి వచ్చి, "సిగ్గు లేదా? మళ్ళెందుకొస్తున్నవు?" అని అరిచాను. ఆయన వెనక్కి తిరగలేదు. మరుసటి శుక్రవారం గొళ్ళెం మళ్ళీ మోగింది.

ఆరేళ్ళు మోగింది. ఒక శుక్రవారం మోగలేదు. పొద్దుగూకేదాకా గడపమీద కూర్చున్న అత్తమ్మ నన్ను పిలిచి, "అల్లుడా, యాకూబ్ భాయి మంచిగున్నడేమో ఒక్కసారి చూసి రా పో" అంది. నేను, "వాని పేరెత్తకు" అన్నాను. ఆమె ఆ పూట అన్నం తినలేదు, ఒక్కపొద్దని చెప్పింది. బేగం పోయింది ఆ వారమేనని, తమ పెరట్లో జామచెట్టు కింద పెట్టారని, ఏం చెప్పి మోగించాలో తెలియక తండ్రి మా గల్లీకి రాలేకపోయాడని షరీఫా చెప్పింది.

ఇప్పుడు మా ఇంటికి కరెంటు గంట ఉంది. ఎవరు నొక్కినా ఒకే మోత. వచ్చింది ఎవరో చెప్పగలిగే చెవులు ఈ ఇంట్లో ఎవరికీ లేవు. అవసరమూ లేదు, తలుపుకు గాజుకన్ను ఉంది. మా ఆవిడ, కోడలు ఎవరొచ్చినా తామే వెళ్ళి తీస్తారు. అది చూసినప్పుడల్లా మనం ఎంత ముందుకొచ్చామో అనుకునేవాణ్ణి. షరీఫా వచ్చి వెళ్ళాక అలా అనుకోవడం మానేశాను. ఒకామె ఆ దారిన అందరికంటే ముందే బయలుదేరి గడపదాకా వచ్చింది. ఆమెను వెనక్కి పంపింది నేను.

షరీఫా కాగితాలు తిరిగి సంచిలో పెట్టుకోబోయింది. నేను చేయి అడ్డం పెట్టాను. వాటిని పారేయమన్నాను.

"పారేస్తే ఎట్లన్నా? లైబ్రరీ వాళ్ళు పేజీలు చూస్కుంటరు. కుట్టాలె" అంది. తలుపు దగ్గర చెప్పులు వేసుకుంటూ, "మళ్ళ రాస్తవా?" అని అడిగింది.

"రాస్తాను."

"అయితే మా అబ్బా మంచోడని గిట్ల ఏం రాయకు. తలుపు సంగతి రాయి, చాలు."

అది ఇక్కడ రాస్తున్నాను. ఆ శుక్రవారం ఉదయం యాకూబ్ చాచా రిజిస్టర్లు ఇచ్చి, చెప్పులు వేసుకుని, తలుపు వేసే వెళ్ళాడు. గొళ్ళెం వదులుగా వేలాడుతుంటే చేత్తో పట్టి, చప్పుడు కాకుండా ఆపి మరీ వెళ్ళాడు. తలుపు తీసింది నేను.